తొట్టి బరువు

మా కాగితంలో నలభై ఒకటో నంబరు పక్కన
చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది.
అంటే ఆ ఇంటివాళ్ళు తొట్టిని వీధిలోకి లాగలేరని,
మనమే గేటు తీసుకుని పెరట్లోకి వెళ్ళాలని.
ఈ కొండవాలు ఊళ్ళో ఏటేటా
నక్షత్రాలు ఎక్కువవుతున్నాయి.
పైన మాత్రం ఎప్పుడూ మబ్బే.

మంగళవారం. ఆరున్నర. వేల్స్ వాన
పైనుంచి పడదు, పక్కనుంచి వచ్చి కాలర్లో దూరుతుంది.
లారీ ఇయోలో నడుపుతాడు.
వెనక నేనూ, కొత్త కుర్రాడు టిడిర్.
పదిహేడు మెట్లు, నాచు పట్టినవి.
మోర్విద్ ప్రాసర్ గారి వంటింటి వెనక
నల్లది మూడు వారాలకోసారి,
ఆకుపచ్చది వారం వారం,
మిగిలిన తిండికి పిడి ఉన్న గోధుమరంగు డబ్బా.

ఆవిడ బడి వంటశాలలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పిన మనిషి.
నేనూ ఆ చేతి కస్టర్డు తిన్నవాణ్ణే,
రెండోసారి వరసలో నిలబడి
చెవి మెలిపెట్టించుకున్నవాణ్ణే.
ఆవిడ బంగాళాదుంప తొక్క తీస్తే
ఒకటే రిబ్బను, ఉల్లిపొరంత పల్చన,
డబ్బాలో చుట్టలు చుట్టుకుని పడుకునేది.

ఒకరి చెత్తలోకి తొంగిచూడకూడదని
ట్రైనింగులో చెప్పారు.
చూడం. కానీ చెయ్యి ఊరుకోదు కదా,
ఎత్తిన ప్రతిదాన్నీ తూచేస్తుంది.
పన్నెండో నంబరులో బిడ్డ పుట్టిందనీ,
ఇరవై ఆరులో సీసాల చప్పుడు మళ్ళీ మొదలైందనీ
పోస్టుమాన్ కంటే ముందు మాకే తెలుస్తుంది.

నవంబరులో తొక్కలు ఆగిపోయాయి.
వాటి బదులు ప్లాస్టిక్ ట్రేలు.
సరే, కౌన్సిల్ పంపిన అమ్మాయెవరో
వేడి చేసి పెడుతోందనుకున్నాను.
మనిషికి పావుగంట ఇస్తారు వాళ్ళకి.
అందులోనే కోటు విప్పాలి, మాత్రలివ్వాలి,
పుస్తకంలో రాయాలి, కోటు తొడుక్కోవాలి.
డిసెంబరుకల్లా ట్రేలు
నిండుగానే తిరిగొస్తున్నాయి.
ఓ మూల చెంచా గుచ్చిన గుర్తు, అంతే.

ఫోన్ చేశాను.
చెత్త గురించైతే ఒకటి నొక్కండి,
పెద్దవాళ్ళ సేవలకైతే మూడు.
మూడు నొక్కితే, మీరు ఆవిడకేమవుతారు అన్నారు.
తొట్టి ఎత్తుతాను అన్నాను.
అయితే ఒకటి నొక్కండి అన్నారు.
రెండు శాఖలదీ ఒకే భవనం, ఒకే మెట్లు.
టీ కెటిల్ కూడా ఒకటేనని విన్నాను.

ఇక మిగిలింది మా ఫారం.
తొట్టి విరిగిందా? ఎత్తకుండా వదిలేశారా?
వేయకూడని వస్తువు వేశారా?
ముద్ద ముట్టడం లేదు అనే గడి లేదు.
మూడోదాంట్లో టిక్కు పెట్టాను.
పెట్టాక అనిపించింది,
కస్టర్డు పోసిన చేతి మీద చాడీ చెప్పానని.
ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

గురువారం ఎర్ర స్టిక్కరు పట్టుకుని
ఇన్‌స్పెక్టర్ హెడ్లీ ప్యూ వెళ్ళాడు. రూలుకర్ర లాంటి మనిషి.
తొట్టి మూత తీశాడట. చాలాసేపు చూశాడట.
స్టిక్కరు జేబులో పెట్టుకుని తలుపు తట్టాడట.
ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడిందట.
కింది పళ్ళసెట్టు విరిగి ఆరు వారాలైంది,
వచ్చే పిల్లలు వారానికొకరు మారుతున్నారు,
ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు
నోరెలా తెరవను, అందట.

హెడ్లీ అంతవరకే చెప్పాడు.
తర్వాతేం జరిగిందో నాకెవరూ చెప్పలేదు.
చెప్పమనే గడి ఏ ఫారంలోనూ ఉండదు.

ఫిబ్రవరి. మంగళవారం. అదే వాన.
డబ్బా పిడి పట్టుకుంటే
భుజం కాస్త కిందికి వంగింది.
టిడిర్ లారీ దగ్గర్నుంచి కేకేస్తున్నాడు.
కేకేయనీ.
మూత తీశాను.

బంగాళాదుంప తొక్కలు.
మందంగా, తునకలు తునకలుగా,
సగం దుంప తొక్కతోనే పోయింది.
ఆవిడ చెయ్యి కాదు.
ఎవరో చిన్నపిల్లది, తొందరలో ఉన్న చెయ్యి.
పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని
ఎన్ని తిట్లు తిట్టి ఉంటుందో ఆవిడ,
కొత్త పళ్ళతో.